పిండి + లాలాజలం: నీలం రంగు పోయింది, గ్లూకోజ్ వచ్చినట్టేనా?

పదోబెంచి | రాత్రి 9:12

అందరికీ నమస్కారం. డిగ్రీ మొదటి ఏడాది చదువుతున్నా. ప్రాక్టికల్‌లో ఒక శాతం స్టార్చ్ ద్రావణంలో లాలాజలం కలిపి 37 డిగ్రీల నీళ్లలో పెట్టాం. నిమిషానికో చుక్క తీసి పింగాణీ పలకమీద గుంటల్లో ఉన్న అయొడిన్‌లో వేయాలి. మొదట కారు నీలం. ఎనిమిదో నిమిషానికి రంగే లేదు, అయొడిన్ పసుపు అలాగే ఉండిపోయింది. రికార్డులో "పిండిపదార్థం పూర్తిగా గ్లూకోజ్‌గా మారింది" అని రాశా. మేడమ్ ఎర్ర పెన్నుతో ఆ వాక్యం కొట్టేసి పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టారు. ఎందుకని అడిగితే "నువ్వే కనుక్కో" అన్నారు. రెండు మార్కులు పోయాయి.

స్టార్చ్ అంటే గ్లూకోజ్ గొలుసే కదా? గొలుసు తెగిందని అయొడిన్ చెప్పింది కదా? తప్పెక్కడుంది? పనిలో పనిగా ఇంకో డౌటు: గ్లూకోజ్ తియ్యగా ఉంటుంది, దాంతోనే కట్టిన స్టార్చ్ చప్పగా ఎందుకుంటుంది?

వంటగదిశాస్త్రం | రాత్రి 9:20

నువ్వు రాసింది కరెక్టే తమ్ముడూ. ఉమ్మిలో ఎంజైమ్ పిండిని గ్లూకోజ్ చేస్తుంది, అందుకే పిండి ఉన్నదేదైనా బాగా నమిలితే తియ్యగా అవుతుంది. మీ మేడమ్‌కి ఆ రోజు మూడ్ బాలేదేమో.

నీలిమరక | రాత్రి 9:41

మేడమ్ మూడ్ బాగానే ఉందండీ, ప్రశ్నార్థకం సరిగ్గా పెట్టాల్సిన చోటే పెట్టారు. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ఈ ప్రయోగానికి అయొడిన్ కలిపి కలిపి చేతివేళ్లు మరకలు పడ్డాయి, పేరు కూడా అందుకే.

అయొడిన్‌కి గ్లూకోజ్ కనపడదు. రెండు గ్లూకోజ్‌లు కలిసిన మాల్టోజ్ కనపడదు. దానికి కనపడేది ఒక్కటే, మెలికలు తిరిగిన పొడుగాటి గొలుసు. స్టార్చ్‌లో రెండు రకాలుంటాయి. అమైలోజ్ 20 నుంచి 30 శాతం, కొమ్మలు దాదాపు లేని తిన్నని గొలుసు. మిగిలినది అమైలోపెక్టిన్, 24 నుంచి 30 గ్లూకోజ్‌లకోసారి కొమ్మ వేస్తుంది. ఆ అమైలోజ్ నీళ్లలో తిన్నగా ఉండదు, స్ప్రింగులా చుట్టుకుంటుంది, చుట్టుకి ఆరు గ్లూకోజ్‌లు. స్ప్రింగు మధ్య ఉన్న సొరంగంలోకి అయొడిన్ పరమాణువులు ఒకదాని వెనక ఒకటి వరసగా దూరతాయి. అలా వరస కట్టిన అయొడిన్ నారింజ, ఎరుపు వైపు వెలుగుని మింగేస్తుంది, మన కంటికి నీలం మిగులుతుంది. 

గొలుసు పొట్టిదైతే వరసా పొట్టిదే, రంగు మారిపోతుంది. ఉజ్జాయింపుగా:

45 గ్లూకోజ్‌లు దాటితే నీలం
35-40 ఉంటే వంకాయ రంగు
20-30 ఉంటే ఎరుపు
12-15 ఉంటే గోధుమ
12 కన్నా తక్కువైతే ఏ రంగూ లేదు

అంటే ఎనిమిదో నిమిషంలో నీకు అయొడిన్ చెప్పిందల్లా "ఇక్కడ పన్నెండు కన్నా పొడుగు ముక్క చెప్పుకోదగ్గంత లేదు" అని. ఆ ముక్కలు పదేసివా, రెండేసివా, ఒంటరి గ్లూకోజ్‌లా అన్నది అయొడిన్‌ని అడిగి లాభం లేదు.

పదోబెంచి | రాత్రి 9:50

ఓహ్. చుక్కలు వేస్తున్నప్పుడు మధ్యలో ఒక ఎర్రటి రంగు వచ్చింది. అయొడిన్ ఎక్కువ పడిందేమో అనుకుని ఆ గుంట కడిగేశాను :(

నీలిమరక | రాత్రి 9:53

ప్రయోగంలో అందమైన భాగమే అది, కడిగేశావు! వంకాయ రంగు, తర్వాత ఎర్రటి గోధుమ, తర్వాత ఏమీ లేకపోవడం. ఆ ఎరుపునిచ్చే ముక్కల్ని పాత పుస్తకాలు ఎరిత్రోడెక్స్ట్రిన్ అనేవి, రంగివ్వని వాటిని అక్రోడెక్స్ట్రిన్. పలకమీద గుంటలన్నీ వరసగా ఉంచి కిటికీ దగ్గర పెట్టి చూస్తే గొలుసు కురచ కావడం కళ్లముందే కనపడుతుంది.

తీపిలెక్క | రాత్రి 10:15

రిటైరైన కెమిస్ట్రీ మాస్టార్ని. నీలిమరక గారు చెప్పిందానికి చిన్న లెక్క జోడిస్తా, కాగితం తీసుకోండి.

వెయ్యి గ్లూకోజ్‌ల గొలుసు అనుకుందాం. మధ్యలో 999 బంధాలు. సమాన దూరాల్లో 20 చోట్ల కోశాం. 21 ముక్కలు, ఒక్కోటి సుమారు 48 గ్లూకోజ్‌లు. అయొడిన్ ఇంకా నీలమే చూపిస్తుంది! ఇప్పుడు మొత్తం 100 చోట్ల కోశాం. 101 ముక్కలు, ఒక్కోటి సుమారు 10. రంగు మాయం. కానీ 999లో తెగినవి నూరే. నూటికి తొంభై బంధాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. "పూర్తిగా గ్లూకోజ్" అని రాసిన చోట నిజానికి పదో వంతు పని జరిగి ఉండొచ్చు. మీ మేడమ్ కొట్టేసింది "పూర్తిగా" అన్న మాటనీ, "గ్లూకోజ్" అన్న మాటనీ. రెండూ తప్పే.

అసలు కోతలు సమాన దూరాల్లో పడవు, అది వేరే మాట. లాలాజలంలోని అమైలేజ్ గొలుసు కొసనుంచి ఒక్కొక్క గ్లూకోజే తుంచుతూ రాదు, మధ్యలో ఎక్కడ పడితే అక్కడ కోస్తుంది. నీలం అంత త్వరగా పోవడం అందుకే. కొసనుంచి తుంచే ఎంజైమైతే గ్లూకోజ్ బోలెడు వచ్చినా నీలం చాలాసేపు ఉంటుంది.

అమైలేజ్ చేతకానితనం ఇంకొంత ఉంది. అది కోయగలిగింది ఆల్ఫా 1,4 బంధాన్నే, అంటే ఒక గ్లూకోజ్ ఒకటో కార్బన్‌ని పక్కదాని నాలుగో కార్బన్‌తో కలిపేదాన్ని. కొమ్మ మొదలయ్యే చోట ఉండేది ఆల్ఫా 1,6 బంధం, దాన్ని ముట్టుకోలేదు. కొమ్మ పక్కనున్నవాటినీ కోయలేదు. రెండు గ్లూకోజ్‌ల జంట, అదే మాల్టోజ్, దాన్నీ విడదీయలేదు. చివరికి మిగిలేవి మాల్టోజ్, మూడు గ్లూకోజ్‌ల మాల్టోట్రయోజ్, కొమ్మలున్న చిన్న డెక్స్ట్రిన్ ముక్కలు. గ్లూకోజ్ ఉంటే అత్యల్పం. వాటిని గ్లూకోజ్‌గా విడగొట్టే పని చిన్నపేగు గోడలమీద ఉండే మాల్టేజ్, ఐసోమాల్టేజ్ లాంటి ఎంజైములది.

వంటగదిశాస్త్రం గారూ, నమిలితే తగిలే తీపి మాల్టోజ్‌ది. మీరు చెప్పిన అనుభవం నిజమే, పేరొక్కటే తప్పు.

వంటగదిశాస్త్రం | రాత్రి 10:22

ఒప్పుకున్నా మాస్టారూ. మేడమ్‌కి నా తరఫున సారీ.

సందేహాలరావు | రాత్రి 10:40

నాకొకటి అర్థం కావట్లేదు. ఒక పుస్తకంలో 100 గ్రాముల స్టార్చ్‌ని పూర్తిగా విడగొడితే 111 గ్రాముల గ్లూకోజ్ వస్తుందని ఉంది. పెట్టినదానికన్నా ఎక్కువ ఎలా వస్తుంది? అచ్చుతప్పా?

తీపిలెక్క | రాత్రి 10:58

అచ్చుతప్పు కాదు, పదకొండు గ్రాముల నీళ్లు.

గ్లూకోజ్ అణువు అంటే 6 కార్బన్లు, 12 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు. బరువు 180. రెండు గ్లూకోజ్‌లు చేతులు కలిపితే ఒక నీటి అణువు బయటికి పోతుంది, 18. అందుకే మాల్టోజ్ 360 కాదు, 342. గొలుసులో చేరిన ప్రతి గ్లూకోజ్‌కీ ఇలా ఒక నీటి అణువు పోయి 162 మిగులుతుంది. గొలుసు తెంచాలంటే పోయిన నీటిని మళ్లీ పెట్టాలి, జలవిశ్లేషణ అనే మాటలోనే ఉంది కదా. 180ని 162తో భాగించండి, 1.11. లెక్క సరిపోయింది.

ఎంజైమ్ లేకుండా ఇదే పని 1811లో కిర్కాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చేశాడు. స్టార్చ్‌ని పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కాచాడు, తియ్యటి పాకం వచ్చింది. వింత ఏమిటంటే ఆమ్లం ఖర్చు కాలేదు, పోసినంత పోసినట్టే ఉంది. ఉత్ప్రేరకం అన్న పేరు అప్పటికింకా పుట్టలేదు. తర్వాత 1833లో పాయెన్, పెర్సోజ్ మొలకెత్తిన బార్లీ నుంచి స్టార్చ్‌ని విడగొట్టే డయాస్టేజ్ వేరు చేశారు. ఎంజైముల పేర్ల చివర "ఏజ్" అన్న తోక ఆ మాటనుంచే వచ్చింది.

పదోబెంచీ, ఇక్కడ నీకు పనికొచ్చేది ఒకటుంది. ఆమ్లానికి 1,4 అనీ 1,6 అనీ తేడా లేదు, తగినంతసేపు కాస్తే అన్నిటినీ తెంచి గ్లూకోజ్ దాకా తీసుకెళ్తుంది. నీ పాత వాక్యం ఆమ్లంతో చేసిన ప్రయోగానికైతే నప్పేది.

పదోబెంచి | రాత్రి 11:05

మరి గ్లూకోజ్ వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే బెనెడిక్ట్ పరీక్ష (నీలం రంగు రాగి ద్రావణం పోసి వేడిచేసేది) చేస్తే సరిపోతుందా? ఇటుక రంగు వస్తే గ్లూకోజ్ ఉన్నట్టేగా?

ఉంగరం6 | రాత్రి 11:30

కాదు బ్రో. బెనెడిక్ట్‌కి కూడా పేర్లు తెలీవు. దానికి కావలసింది తెరుచుకోగల చివర.

గ్లూకోజ్ ఎక్కువసేపు ఉంగరం రూపంలోనే ఉంటుంది. ఒకటో కార్బన్ దగ్గర ఉంగరం విడిపోతే అక్కడ ఆల్డిహైడ్ బయటపడుతుంది. అది రాగి అయాన్లకి ఎలక్ట్రాన్ ఇచ్చి నీలాన్ని ఎర్రటి క్యూప్రస్ ఆక్సైడ్ చేస్తుంది. ఒక క్షణంలో చూస్తే తెరుచుకుని ఉన్న అణువులు వెయ్యికి ఒకటి కూడా ఉండవు. అయినా పరీక్ష ఆగదు. తెరుచుకున్నది ఖర్చవుతుంటే ఇంకోటి తెరుచుకుంటుంది.

మాల్టోజ్‌లో రెండు గ్లూకోజ్‌లు. ఒకదాని ఒకటో కార్బన్ బంధంలో ఇరుక్కుపోయింది, రెండోదానిది ఖాళీ. కాబట్టి మాల్టోజ్ కూడా బెనెడిక్ట్‌కి ఇటుక రంగే ఇస్తుంది. వేల గ్లూకోజ్‌లున్న స్టార్చ్ గొలుసుకీ అలాంటి ఖాళీ చివర (క్షయకరణ చివర అంటారు) ఒక్కటే. అంత పెద్ద అణువుకి ఒక్క చివరంటే పరీక్షలో కనపడనే కనపడదు. కానీ ప్రతి కోతకీ కొత్త చివర ఒకటి పుడుతుంది.

నా దృష్టిలో అయొడిన్ పొడవు కొలుస్తుంది, బెనెడిక్ట్ చివరలు లెక్కపెడుతుంది. గ్లూకోజ్‌ని పేరు పెట్టి పిలిచేది రెండింట్లో ఏదీ కాదు.

సందేహాలరావు | రాత్రి 11:38

మరి మామూలు పంచదార బెనెడిక్ట్‌కి రంగివ్వదుగా. అందులో గ్లూకోజ్ ఉంది, ఫ్రక్టోజ్ కూడా ఉంది. ఫ్రక్టోజ్ కీటోన్ కాబట్టి ఇవ్వదనుకున్నా సరే, గ్లూకోజ్ ఇవ్వాలిగా?

ఉంగరం6 | రాత్రి 11:52

రెండు తప్పులు ఒక్క ప్రశ్నలో, బాగుంది :)

సుక్రోజ్‌లో గ్లూకోజ్ ఒకటో కార్బన్, ఫ్రక్టోజ్ రెండో కార్బన్ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. తెరుచుకోవాల్సినవి సరిగ్గా ఆ రెండే. ఇద్దరూ ఒకరి తలుపు గొళ్లెం ఒకరు పట్టుకుని కూర్చున్నట్టు. ఏ చివరా ఖాళీ లేదు కాబట్టి రంగు లేదు.

ఫ్రక్టోజ్ ఒంటరిగా ఉంటే మాత్రం ఇటుక రంగు ఇస్తుంది, కీటోన్ అయినా సరే. బెనెడిక్ట్‌లో సోడియం కార్బొనేట్ ఉంది, క్షారం. క్షారంలో ఫ్రక్టోజ్ ఈనడయోల్ అనే మధ్య రూపం మీదుగా ఆల్డిహైడ్‌గా మారగలదు. మొదటి సెమిస్టర్‌లో నేనూ ఇక్కడే బోల్తా పడ్డా.

తీపిలెక్క | రాత్రి 11:59

సుక్రోజ్‌ని కొంచెం ఆమ్లంతో వేడిచేసి చూడండి, బెనెడిక్ట్ వెంటనే పలుకుతుంది. కానీ బెనెడిక్ట్ పోసేముందు ఆమ్లాన్ని సోడియం బైకార్బొనేట్‌తో తటస్థం చేయాలి, పొంగు ఆగేదాకా. అది మర్చిపోయి "సర్, రంగు రాలేదు" అని వచ్చిన పిల్లల్ని ఉద్యోగమంతా చూశాను.

ఇంకో ముచ్చట. సుక్రోజ్ ద్రావణం ధ్రువిత కాంతిని (ఒకే తలంలో కంపించే వెలుగుని) కుడివైపు తిప్పుతుంది, విశిష్ట భ్రమణం +66.5 డిగ్రీలు. విడిపోయాక గ్లూకోజ్ +52.7, ఫ్రక్టోజ్ సుమారు -92. సగం సగం కలిస్తే సుమారు -20, అంటే ఎడమకి. దిశ తలకిందులైంది కాబట్టే ఆ మిశ్రమాన్ని ఇన్వర్ట్ షుగర్ అన్నారు. ఈ తిరుగుడు కొలిచే ధ్రువణమాపిలో కన్ను పెట్టి సున్నా దాటుతుండగా చూసినవాళ్లకి ఆ పేరు మళ్లీ మర్చిపోవడం ఉండదు.

రాత్రిబడి | రాత్రి 12:14

చక్కెర గురించి వచ్చింది కాబట్టి అడుగుతున్నా. పండ్లలో ఉండే సహజ చక్కెర, ఫ్యాక్టరీలో చేసిన కెమికల్ చక్కెర వేరు వేరు కదా? ఆ రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

ఉంగరం6 | రాత్రి 12:20

అణువుకి పుట్టిల్లు గుర్తుండదండీ. 1747లో మార్గ్రాఫ్ బీటు దుంపనుంచి చక్కెర తీసి చెరకు చక్కెరతో పోల్చి చూస్తే తేడా కనపడలేదు. పండుతో పాటు పీచు, నీళ్లు, విటమిన్లు వస్తాయి, శరీరంలోకి చేరే వేగం మారుతుంది. ఆ వాదన చేయండి, ఒప్పుకుంటా. సుక్రోజ్‌కి సుక్రోజ్ మాత్రం ఒక్కటే.

నిర్వాహకుడు | రాత్రి 12:31

సహజమా కృత్రిమమా చర్చకి వేరే దారం ఉంది, అక్కడ కొనసాగించండి. ఆ తర్వాత వచ్చిన ఐదు పోస్టులు తీసేశాను.

పదోబెంచి | ఉదయం 7:05

రాత్రంతా చదివా. చప్పదనం గురించి ఎవరూ చెప్పలేదు?

తీపిలెక్క | ఉదయం 7:48

నాలుకమీద తీపిని పట్టే గ్రాహకానికి చిన్న గుంట లాంటి చోటు ఉంటుంది, చిన్న అణువులు అందులో ఇముడుతాయి. స్టార్చ్ అంత చాంతాడు ఇమడదు. పైగా పచ్చి స్టార్చ్ నీళ్లలో కరగనే కరగదు, రేణువులుగా అడుగుకి చేరుతుంది.

చిన్నవాటిలోనూ తీపి సమానం కాదు. సుక్రోజ్‌ని 1 అనుకుంటే గ్లూకోజ్ సుమారు 0.7, మాల్టోజ్ ఇంకా తక్కువ, పాలలోని లాక్టోజ్ 0.2 దగ్గర. ఫ్రక్టోజ్ మాత్రం 1 దాటుతుంది. కానీ ఫ్రక్టోజ్ ద్రావణాన్ని వేడి చేస్తే తీపి తగ్గుతుంది, చల్లారితే మళ్లీ పెరుగుతుంది. బాగా తియ్యగా ఉండే ఆరు మూలల ఉంగరం వేడికి కొంత ఐదు మూలల ఉంగరంగా మారిపోవడం దానికి కారణం.

మొక్క ఇంత కష్టపడి గొలుసు ఎందుకు కడుతుంది అన్నది నన్నడిగితే ఇంకా మంచి ప్రశ్న. ద్రవాభిసరణ పీడనం, అంటే కణంలోకి నీటిని లాగే బలం, అణువుల సంఖ్యని బట్టి ఉంటుంది, సైజుని బట్టి కాదు. పదివేల గ్లూకోజ్‌లు విడివిడిగా కణంలో ఉంటే బయటి నీటినంతా లోపలికి లాగేస్తాయి. అవే ఒక గొలుసైతే ఒక్క అణువు, రేణువుగా గట్టిపడితే ఆ ఒక్కటీ లెక్కలోకి రాదు. అవసరమైనప్పుడు మళ్లీ తెంచుకుంటుంది. కాయ పండయ్యేటప్పుడు జరిగేది అదే. పచ్చి అరటికాయ ముక్కమీద అయొడిన్ వేస్తే నల్లబడుతుంది, బాగా పండినదానిమీద మరక పడదు. బంగాళదుంపని మరీ చల్లగా దాస్తే అందులో స్టార్చ్ కొంత చక్కెర అయిపోతుంది.

సందేహాలరావు | ఉదయం 8:10

అదే గ్లూకోజ్‌తో కట్టిన సెల్యులోజ్‌ని మనం ఎందుకు అరిగించుకోలేం?

ఉంగరం6 | ఉదయం 8:26

బంధం దిశ. స్టార్చ్‌లో ఆల్ఫా, సెల్యులోజ్‌లో బీటా 1,4. బీటా అయితే ప్రతి రెండో గ్లూకోజ్ బోర్లా తిరగాలి, గొలుసు చుట్టుకోకుండా తిన్నగా సాగుతుంది, పక్క గొలుసులతో హైడ్రోజన్ బంధాలు కట్టి తాడులా బిగుసుకుంటుంది. అయొడిన్‌కి సొరంగమే దొరకదు, మన అమైలేజ్‌కి కోయడానికి చోటు కుదరదు. ఒక్క కార్బన్ దగ్గర ఒక్క చేయి ఎటు తిరిగిందన్నదే తేడా. దీన్నిబట్టి చూస్తే కాగితం కూడా గ్లూకోజే అనిపించి నవ్వొస్తుంది.

వంటగదిశాస్త్రం | ఉదయం 9:02

నాకు తెలిసిన విషయం ఒకటి చెప్పి పరువు నిలబెట్టుకుంటా. స్టార్చ్‌ని చల్లటి నీళ్లలో కలిపితే పాలలా ఉండి అడుగుకి దిగిపోతుంది. వేడి చేస్తుంటే చాలాసేపు ఏమీ జరగదు. 60 నుంచి 70 డిగ్రీల మధ్య ఉన్నట్టుండి గరిటె బరువెక్కుతుంది, తెల్లదనం పోయి గాజులా అవుతుంది. అదే జెలటినైజేషన్. ఏ గింజదో, ఏ దుంపదో దాన్నిబట్టి కాస్త అటూ ఇటూ. చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే గొలుసులు మళ్లీ పక్కపక్కన చేరి గట్టిపడి నీళ్లు కక్కుతాయి. బ్రెడ్ ఫ్రిజ్‌లో పెడితే బయటకన్నా త్వరగా గట్టిపడేదీ అందుకే, ఎండిపోయి కాదు.

నీలిమరక | ఉదయం 9:30

పరువు నిలబడింది :) దీన్ని మైక్రోస్కోప్ కింద చూడాలి. బంగాళదుంప స్టార్చ్‌ని ధ్రువిత కాంతిలో చూస్తే ప్రతి రేణువుమీదా నాలుగు రెక్కల నల్ల శిలువ కనపడుతుంది, లోపల గొలుసులు పద్ధతిగా పేర్చి ఉన్నాయని గుర్తు. స్లైడుని వేడిచేస్తూ చూస్తే రేణువు ఉబ్బుతుంది, శిలువ చెదిరి మాయమవుతుంది. మొదటిసారి చూసినప్పుడు టీ తాగడం కూడా మర్చిపోయా.

పదోబెంచీ, మళ్లీ చేస్తావా? చేసేటట్టైతే జాగ్రత్తలు చెప్తా. స్టార్చ్‌ని మరిగించి పూర్తిగా చల్లార్చాకే మొదలుపెట్టు. అయొడిన్ ఎప్పుడూ చల్లటి చుక్కమీదే వేయాలి, వేడిమీద నీలం దానంతటదే పోతుంది, చల్లారితే తిరిగొస్తుంది. గొలుసు తెగిందని పొరబడతావు. విటమిన్ సి ఉన్నదేదీ దగ్గరికి రానీయకు, అది అయొడిన్‌ని అయొడైడ్ చేసి రంగు పోగొడుతుంది, అది చాలదన్నట్టు బెనెడిక్ట్‌కి కూడా రంగు తెప్పిస్తుంది. రెండు పరీక్షల్నీ ఒకేసారి మోసం చేయగల ఘనురాలు. క్షారం తగిలినా అయొడిన్ రంగు పోతుంది, కాబట్టి బెనెడిక్ట్ పోసిన గొట్టంలో అయొడిన్ వేయకు. మరిగించిన లాలాజలంతో ఒక గొట్టం, లాలాజలం లేకుండా ఒక గొట్టం పక్కన తప్పకుండా ఉండాలి.

గ్లూకోజ్‌ని పేరుతో పట్టాలంటే మూత్ర పరీక్షకి వాడే గ్లూకోజ్ స్ట్రిప్ చాలు. అందులో గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఉంటుంది, మాల్టోజ్‌ని పట్టించుకోదు.

పదోబెంచి | మూడు రోజుల తర్వాత, సాయంత్రం 6:40

చేశానక్కా! మేడమ్ ల్యాబ్‌లో ఉండనిచ్చారు.

పలకమీద పన్నెండు గుంటలు, ఒక్కటీ కడగలేదు. సున్నా, ఒకటి, రెండు నిమిషాలు కారు నీలం. మూడులో వంకాయ రంగు. నాలుగులో ఎర్రగా, అయిదులో తుప్పు రంగు. ఆరులో అనుమానం, ఏడు నుంచి ఉత్త అయొడిన్ పసుపు. మరిగించిన లాలాజలం గొట్టం ఆఖరిదాకా నీలంగానే ఉంది. లాలాజలం లేనిది కూడా.

బెనెడిక్ట్ కోసం ప్రతిసారీ కొంచెం వేరే గొట్టంలోకి తీసి వెంటనే మరుగుతున్న నీళ్లలో పెట్టా, ఎంజైమ్ అక్కడితో ఆగిపోతుందని. సున్నా నిమిషంది నీలంగానే ఉంది. మూడో నిమిషంది ఆకుపచ్చ కలిసిన పసుపు! అదే చుక్క అయొడిన్‌కి వంకాయ రంగు ఇచ్చింది. పాత నేనైతే రెండింట్లో ఒకటి తప్పని కొట్టేసేవాణ్ణి. పొడుగు ముక్కలు ఇంకా ఉన్నాయి, చివరలు అప్పటికే పెరిగాయి, రెండూ నిజమే. ఎనిమిదో నిమిషంది నారింజ రంగు. ఇరవై నిమిషాలు వదిలేసింది ఇంకా ముదిరి ఇటుక రంగు. అయొడిన్ ఏడుకే ఆగిపోయింది కానీ కోతలు ఆగలేదన్నమాట.

స్ట్రిప్ ముందు గ్లూకోజ్ నీళ్లలో ముంచి చూశా, రంగు మారింది, బాగానే ఉంది. ఎనిమిదో నిమిషం గొట్టంలో ముంచితే ఏమీ మారలేదు. ఇరవైదాంట్లో కూడా.

రికార్డులో ఇలా రాశా: "ఏడో నిమిషానికి అయొడిన్‌కి రంగిచ్చే పొడవున్న గొలుసులు మిగల్లేదు. క్షయకరణ చివరలు ఇరవయ్యో నిమిషం దాకా పెరుగుతూ వచ్చాయి. గ్లూకోజ్ లేదు."

ఉంగరం6 | సాయంత్రం 6:55

మూడో నిమిషం గొట్టం ఫొటో ఉంటే పెట్టు బ్రో, నా నోట్స్‌లో అతికించుకుంటా.

తీపిలెక్క | రాత్రి 7:20

శభాష్. మేడమ్ ఏమన్నారు?

పదోబెంచి | రాత్రి 7:26

రెండు మార్కులూ ఇచ్చారు మాస్టారూ. కానీ చివరి వాక్యం పక్కన మళ్లీ ప్రశ్నార్థకం.

నీలిమరక | రాత్రి 7:31

స్ట్రిప్ డబ్బామీద ఎంత గ్లూకోజ్ నుంచి రంగు మారుతుందో రాసి ఉంటుంది, చూశావా?

పదోబెంచి | రాత్రి 7:33

...చూడలేదు. రేపు పొద్దున్నే ల్యాబ్ తెరవగానే చూస్తా.